చీము పట్టని ఒంట్లో జబ్బును కనిపెట్టడం: కౌంట్లు పడిపోయిన రోగి దగ్గర నర్సు పని

మీరు ఒక ప్రశ్నగా రాసినా అందులో మూడు విషయాలున్నాయి. హైదరాబాదులో ఒక క్యాన్సర్ వార్డులో నర్సుగా చేరి నాలుగు నెలలైందని, మొన్న రాత్రి డ్యూటీలో ఏఎన్‌సీ (రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాల సంఖ్య) 200 మాత్రమే ఉన్న 58 ఏళ్ల రోగికి టెంపరేచర్ 99.4 డిగ్రీలే ఉన్నా, ఆయన భార్య మాత్రం “మనిషి రోజూలా లేరమ్మా, పిలిస్తే సరిగ్గా పలకడం లేదు” అన్నారని, ఆ మాత్రానికి రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరును లేపాలా వద్దా అని తటపటాయించారని రాశారు. గౌను, మాస్కు, టోపీ వేసుకుని గదిలోకి వెళ్తే రోగికి రక్షణ సరిపోతుందా అన్నది రెండో సందేహం. పరామర్శకు వచ్చే బంధువులను, వాళ్లు తెచ్చే తిండిని ఎలా ఆపాలన్నది మూడోది. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లోనే రక్తవ్యాధుల వార్డుల్లోనూ మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి విభాగంలోనూ పనిచేసిన అనుభవంతో ఈ జవాబు రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు. లేపాలి. ఆ రోగికి జ్వరం లేదన్న మాట నిజమే కావచ్చు, కానీ ఏఎన్‌సీ 200 ఉన్న మనిషి విషయంలో ఇంట్లోవాళ్లు “తేడాగా ఉన్నారు” అన్నారంటే దాన్ని థర్మామీటరు చూపిన అంకెతో సమానంగా తీసుకోవాలి. ఎందుకో తెలిస్తే మరోసారి మీకు తటపటాయింపు ఉండదు కాబట్టి కారణం కాస్త వివరంగా చెబుతాను.

మన ఒంట్లో సూక్ష్మజీవి అడుగుపెట్టిన చోటికి ముందుగా చేరుకునేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్త కణాలు. ఎముక మజ్జ వీటిని రోజుకు సుమారు పదివేల కోట్లు తయారుచేస్తుంది, ఎందుకంటే రక్తంలో అవి తిరిగేది కొన్ని గంటలే. ఇంత వేగంగా తయారయ్యే కణాలు కాబట్టే కీమోథెరపీ దెబ్బ వాటి మీద ముందుగా పడుతుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. దానికి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ మనం చేతులారా ఎక్కిస్తున్నాం. ఆ మందు విభజన చెందుతున్న కణాన్ని ఆపుతుందే తప్ప అది క్యాన్సర్ కణమా, మజ్జలో పుడుతున్న మంచి కణమా అని చూడదు. అందుకే చాలా కీమో మందుల విషయంలో, ఇచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య కౌంట్లు అట్టడుగుకు చేరతాయి.

ఇక్కడ ఒక లెక్క మీ చేతికి అలవాటు కావాలి. రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్య చూసి ఊరుకోకూడదు. ఆ సంఖ్యను న్యూట్రోఫిల్స్ శాతంతో, బ్యాండ్ కణాలు (ఇంకా పూర్తిగా ఎదగని న్యూట్రోఫిల్స్) ఉంటే వాటి శాతాన్ని కూడా కలిపి, గుణించి 100తో భాగిస్తే వచ్చేదే ఏఎన్‌సీ. ఇద్దరు రోగులకు మొత్తం సంఖ్య 1,200 ఉందనుకోండి. ఒకరికి న్యూట్రోఫిల్స్ 60 శాతం ఉంటే ఏఎన్‌సీ 720 అవుతుంది, మరొకరికి 15 శాతం ఉంటే 180 అవుతుంది. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవరులో ఇద్దరికీ “కౌంట్లు తక్కువ” అనే చెప్పుకుంటాం, కానీ వారిద్దరి ప్రమాదానికి పోలికే లేదు. 1,500 కంటే తక్కువైతే తగ్గినట్టు, 500 కంటే తక్కువైతే తీవ్రంగా తగ్గినట్టు, 100 కంటే కిందికి పోతే ఆ రోగిని ప్రతి షిఫ్టులోనూ మనం ముందుగా చూడవలసిన వారిగా పరిగణించాలి. ఎంత తగ్గాయన్నదే కాకుండా ఎన్ని రోజులుగా అలా ఉన్నాయన్నది కూడా చార్టులో కనబడాలి, ఎందుకంటే వారం దాటి అలాగే ఉండిపోయిన వారిలో బూజుజాతి ఇన్‌ఫెక్షన్ల భయం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనం నర్సింగ్ కాలేజీలో ఇన్‌ఫెక్షన్ గుర్తులని నేర్చుకున్న ఎరుపు, వాపు, వేడి, చీము అనేవి చాలావరకు సూక్ష్మజీవి చేసేవి కావు, దానితో పోరాడే మన కణాలు చేసేవి. చీము అంటే ప్రధానంగా చచ్చిపోయిన న్యూట్రోఫిల్సే. అవి లేని ఒంట్లో చీము పట్టదు, గాయం ఎర్రబడకపోవచ్చు, న్యుమోనియా మొదలైనా ఎక్స్‌రే శుభ్రంగా కనిపించవచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పస్ సెల్స్ (చీము కణాలు) కనబడకపోవచ్చు. లైను (మందులెక్కించడానికి నరంలో పెట్టిన గొట్టం) చుట్టూ చర్మం బాగానే ఉంది కదా అని మనం అనుకుంటున్న వేళకు లోపల రక్తంలోకి సూక్ష్మజీవులు చేరి ఉండవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే మనకు దక్కే ఆనవాలు. వయసు మీద పడిన వారిలోనూ, స్టెరాయిడ్ మందులు తీసుకునే వారిలోనూ ఆ జ్వరం కూడా రాకపోవచ్చు. అలాంటి వారిలో టెంపరేచర్ మామూలు కంటే తగ్గిపోవడం, ఊపిరి వేగం పెరగడం, మాట మందగించడం, తెలియని గాభరా ఇవే ముందుగా వస్తాయి. మీ రోగి భార్య చెప్పినది వీటిలో ఒకటి. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషి ముఖంలో మార్పును ఆమె పట్టుకోగలిగినంత తొందరగా ఏ మానిటరూ పట్టుకోలేదు.

ఈ మాట నేను పుస్తకం చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో, కీమో తరువాత పదో రోజున ఉన్న ఒక కుర్రవాడికి 100.6 డిగ్రీల జ్వరం వచ్చింది. అంతకుముందు రెండుసార్లు చిన్న విషయాలకు పిలిచానని డాక్టరు విసుక్కోవడం మనసులో పెట్టుకుని, పాత ఆర్డరులో ఉన్న పారాసెటమాల్ మాత్ర ఇచ్చి, చెమట పట్టి జ్వరం దిగిందని చార్టులో రాసి, ఉదయం రౌండ్స్‌లో చెబుదామనుకున్నాను. తెల్లవారి ఐదున్నరకు చేతులు చల్లబడి, బీపీ 74కు పడిపోయి కనిపించాడు. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి ఆ అబ్బాయి బతికి బయటపడ్డాడు. ఆ రాత్రి నేను చేసినది జ్వరాన్ని తగ్గించడం కాదు, ఉన్న ఒకే ఒక్క ఆనవాలును చెరిపివేయడం. అప్పటి నుంచి కౌంట్లు తగ్గిన రోగికి డాక్టరు చూడకముందు పారాసెటమాల్ ఇవ్వకూడదని నా దగ్గర పనిచేసే ప్రతి అమ్మాయికీ మొదటి రోజే చెబుతున్నాను. విసుక్కునే డాక్టరును మర్నాడు పలకరించి మాట్లాడుకోవచ్చు, పోయిన ఐదు గంటలను మాత్రం తిరిగి తెచ్చుకోలేము.

జ్వరమని ఎప్పుడు అనాలో కూడా ఖచ్చితంగా తెలియాలి. నోటిలో ఒక్కసారి 101 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చినా, లేదా 100.4 వచ్చి గంట సేపు అలాగే ఉన్నా అది జ్వరమే. మీ వార్డు నియమం ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. చంకలో పెడితే నోటికంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి ఎక్కడ పెట్టి చూశారో అంకె పక్కనే రాయాలి, లేకపోతే ఒక షిఫ్టువారు నోట్లో, మరొక షిఫ్టువారు చంకలో చూసి జ్వరం తగ్గిందని పొరపడతారు. మలద్వారంలో థర్మామీటరు పెట్టడం, ఎనిమా ఇవ్వడం, సపోజిటరీ పెట్టడం ఈ రోగులకు పూర్తిగా నిషిద్ధం. ఆ పలుచని పొర చిన్నగా గీసుకుపోయినా పేగుల్లోని సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి చేరతాయి.

జ్వరమని తేలిన నిమిషం నుంచి గంట లోపల మొదటి డోసు యాంటీబయాటిక్ నరంలోకి వెళ్లాలి. ఈ గంటలో నర్సు చేయవలసిన పనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి జరగాలి. ఒకరు డాక్టరుకు ఫోను చేస్తుండగా మరొకరు వైటల్స్ (టెంపరేచర్, నాడి, ఊపిరి, బీపీ) మొత్తం చూడాలి, ముఖ్యంగా ఊపిరి వేగాన్ని గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టాలి. మన చార్టుల్లో ఆ గడిలో అందరికీ 20 అని రాసి ఉండటం చూసి నేను ఎన్నోసార్లు బాధపడ్డాను. 22 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, పై బీపీ 100కు తగ్గితే, మనిషి మగతగా ఉంటే, సెప్సిస్‌గానే (ఇన్‌ఫెక్షన్ వల్ల ఒంట్లో అవయవాలు దెబ్బతినే ప్రమాద స్థితి) భావించి చెప్పాలి. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు, అంటే అరవై కిలోల మనిషికి ముప్పై మిల్లీలీటర్లు, కంటే తగ్గితే అది కూడా చెప్పవలసిన సంగతే. “జ్వరం వచ్చింది సార్” అనే దానికంటే “కీమో అయి పదో రోజు, నిన్నటి ఏఎన్‌సీ 180, ఇప్పుడు నోట్లో 101.2, ఊపిరి 26, బీపీ 98, పిక్ లైను ఉంది, కల్చర్ తీయడానికి సిద్ధంగా ఉన్నాను” అని చెబితే ఆ డాక్టరు నిద్రమత్తులో ఉన్నా లేచి కూర్చుంటారు.

బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే పరీక్ష) యాంటీబయాటిక్‌కు ముందే తీయాలి, అయితే కల్చర్ కోసం యాంటీబయాటిక్‌ను ఆలస్యం చేయకూడదు. సెంట్రల్ లైను (గుండె దగ్గరి పెద్ద నరం దాకా వెళ్లే గొట్టం, పిక్ లైను కూడా ఇలాంటిదే) ఉంటే దాని నుంచి ఒక జత సీసాలు, చేతి నరం నుంచి ఒక జత, ఒకే సమయంలో, పెద్దవారికి ఒక్కో సీసాలో ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు వేసి, ఏది ఎక్కడి నుంచి తీశారో, ఎన్ని గంటలకు తీశారో సీసా మీద రాయాలి. లైను నుంచి తీసిన సీసాలో చేతి నరం సీసాకంటే రెండు గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ముందుగా సూక్ష్మజీవి పెరిగితే లైనే మూలమని డాక్టర్లు నిర్ణయిస్తారు. మనం లేబులు సరిగ్గా రాయకపోతే ఆ ఆధారం పోతుంది, మంచి లైనును అనవసరంగా తీసేయవలసి వస్తుంది, లేదా చెడిన లైను అలాగే ఉండిపోతుంది. ఇక ఆలస్యం అసలు ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. అది డాక్టరు దగ్గర కంటే మందుల దుకాణం దగ్గర ఎక్కువగా జరుగుతుంది. ఇండెంటు వేసి, బిల్లు కట్టి, అటెండెంటు కింది అంతస్తుకు వెళ్లి మందు తెచ్చేసరికి ముప్పావుగంట అయిపోతుంది. మీ ఇన్‌చార్జి సిస్టరుతో మాట్లాడి, పిపరాసిలిన్ టాజోబాక్టమ్ గానీ మీ డాక్టర్లు మొదట వాడే మరే మందు గానీ మొదటి డోసు వార్డు స్టాకులోనే ఉండేలా చేయించండి. ఒక నర్సు పట్టుబట్టి సాధించగలిగిన మార్పుల్లో దీనికి మించినది నేను చూడలేదు.

రెండో ప్రశ్న గౌను, మాస్కు గురించి. మామూలు కీమో రోగి గదిలోకి వెళ్లేటప్పుడు గౌను, టోపీ, కాళ్లకు కవర్లు వేసుకోవడం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని రుజువు కాలేదు. ఈ రోగులకు వచ్చే ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం వారి సొంత నోటిలో, పేగుల్లో, చర్మం మీద ఉండే సూక్ష్మజీవుల వల్లే వస్తాయి. బయటి నుంచి చేరేవి ముఖ్యంగా మన చేతుల ద్వారా చేరతాయి. ప్రసవమైన తల్లులు చనిపోతున్నది వైద్యుల చేతుల వల్లేనని 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ గుర్తించినప్పటి నుంచి ఈ విషయం మారలేదు. రోగిని ముట్టుకునే ముందు, శుభ్రతతో చేయవలసిన పనికి ముందు, ఒంటి ద్రవాలు తాకిన తరువాత, రోగిని ముట్టుకున్న తరువాత, రోగి చుట్టూ ఉన్న వస్తువులను తాకిన తరువాత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు సందర్భాల్లో మొదటి రెండూ రోగిని కాపాడటానికే ఉన్నాయి, మనం తరచుగా తప్పేవి కూడా ఆ రెండే. మంచం రైలింగు పట్టుకుని, పంపు బటను నొక్కి, అదే చేత్తో లైను ముట్టుకుంటాం. హ్యాండ్ రబ్ (చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవం) ఆరిపోయేదాకా 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. సబ్బు, నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ (పాత పేరు క్లాస్ట్రిడియం డిఫిసిల్) అనే పేగుల బ్యాక్టీరియా వల్ల విరేచనాలవుతున్న రోగి దగ్గర మాత్రం హ్యాండ్ రబ్ పనిచేయదు, సబ్బూ నీళ్లే వాడాలి. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం డ్యూటీలో ఉండకూడదు. కొత్తగా పెళ్లైన అమ్మాయిలకు గాజులు తీయమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది, అయినా ఈ వార్డులో చెప్పక తప్పదు.

సెంట్రల్ లైను దగ్గర అశ్రద్ధకు క్షమాపణ లేదు. ప్రతిసారీ హబ్‌ను (లైనులో సిరంజి తగిలించే చివరను) ఆల్కహాల్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, ఆ తరువాతే సిరంజి పెట్టాలి. పారదర్శక డ్రెస్సింగును ఏడు రోజులకు, గాజ్ (పలుచని నూలు) గుడ్డ డ్రెస్సింగును రెండు రోజులకు మార్చాలి, తడిసినా అంచు లేచినా వెంటనే మార్చాలి. స్నానం చేయించేటప్పుడు కుళాయి నీళ్లు దాని మీద పడకుండా కప్పాలి. చార్టులు చెప్పని ఒక సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. లైను ఫ్లష్ చేసిన (సిరంజితో ద్రవం ఎక్కించి కడిగిన) అరగంటకో గంటకో రోగికి చలి, వణుకు వస్తే, బయట చర్మం ఎంత శుభ్రంగా ఉన్నా, లైను లోపలే ఇన్‌ఫెక్షన్ ఉందని అనుమానించాలి. “ఫ్యాను గాలికి వణుకుతున్నారు” అని దుప్పటి కప్పి వదిలేయకూడదు.

మూలకణ మార్పిడి గదుల సంగతి వేరు. అక్కడ హెపా ఫిల్టర్ల ద్వారా వడగట్టిన గాలిని లోపలికి పంపి, బయటి గాలి లోపలికి రాకుండా గదిలో ఒత్తిడి ఎక్కువగా ఉంచుతారు. తలుపు కింది సందు దగ్గర సన్నని టిష్యూ కాగితం పట్టుకుంటే అది బయటి వైపుకు ఊగాలి. లోపలికి ఊగితే వెంటనే ఇంజినీరింగ్ విభాగానికి చెప్పాలి. క్షయ రోగి గదిలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా గాలి లోపలికి పోవాలి. ఈ రెండు గదులను తారుమారు చేయకూడదు. మన నగరంలో ఏ వైపు చూసినా తవ్వకాలు, కట్టడాలు జరుగుతూనే ఉంటాయి, ఆ దుమ్ములో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు బీజాలు ఉంటాయి. రోగిని స్కానింగుకు తీసుకువెళ్లేటప్పుడు మాస్కు మనకంటే రోగికే ఎక్కువ అవసరం, అది కూడా ముఖానికి బిగుతుగా సరిపోయే ఎన్-95 అయితేనే ఆ బీజాలు ఆగుతాయి.

మాస్కు గురించి మరొక మాట. ఒక పెద్దాయన వారం రోజుల పాటు ఏమీ మాట్లాడకుండా ఉండి, చివరికి “అమ్మా, నా జబ్బు మీకు అంటుకుంటుందనేనా మీరంతా ముఖాలు కప్పుకుని వస్తున్నారు?” అని అడిగారు. మా నుంచి మీకు ఏదీ అంటకూడదని వేసుకున్నామని నేను ఆయనకు మొదటి రోజే చెప్పవలసింది. ఆ ఒక్క వాక్యం చెప్పకపోవడం వల్ల ఆయన ఏడు రోజులు తనను వెలివేశారనుకుని బతికారు. ఒంటరి గదిలో ఉంచడం మందు లాంటిదే, దానికీ దుష్ప్రభావాలు ఉంటాయి. కాబట్టి ఎందుకు ఉంచామో, ఎన్ని రోజులో, కౌంట్లు పెరగగానే ఏమి మారుతుందో రోజూ చెప్పాలి. జలుబు చేసిన రోజున మీరు ఆ గదిలోకి మాస్కుతో వెళ్లడం కంటే అసలు వెళ్లకపోవడమే మంచిది. సెలవు అడగడానికి సంకోచించకండి.

ప్రతి షిఫ్టులో ఒకసారి మీ కళ్లతో చూడవలసిన చోట్లు ఉన్నాయి. నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. తెల్లని పొర, పుండ్లు, పెదవుల మూలల్లో పగుళ్లు ఉంటే రాయండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించమనండి, మెత్తని బ్రష్షు తప్ప వేపపుల్ల వద్దనండి. చంకలు, రొమ్ముల కింద, గజ్జలు, పాత సూది గుచ్చిన చోట్లు, మజ్జ పరీక్ష చేసిన నడుము భాగం చూడండి. అన్నిటికంటే ఎక్కువగా మనం వదిలేసేది మలద్వారం చుట్టూ ఉండే చోటు. అక్కడ చీము పట్టకుండానే ఇన్‌ఫెక్షన్ లోతుకు పోతుంది, మొదట ఉండేది నొప్పి ఒక్కటే. మన ఆడవాళ్లు, ముఖ్యంగా పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు, ఆ నొప్పి గురించి మగ డాక్టరుకు చెప్పరు, రౌండ్స్‌లో పదిమంది ఉండగా అసలే చెప్పరు. తెర వేసి, పక్కన కూర్చుని, “విరేచనానికి వెళ్లేటప్పుడు మంటగానీ నొప్పిగానీ ఉందా పెద్దమ్మా?” అని మీరే అడగాలి. మలబద్ధకం రానీయకుండా చూడటం కూడా ఇన్‌ఫెక్షన్ నివారణలో భాగమే.

రోగనిరోధక శక్తి తగ్గడం అందరిలోనూ ఒకేలా ఉండదని కూడా తెలుసుకోవాలి. కిడ్నీ, కాలేయ మార్పిడి చేయించుకుని కొత్త అవయవాన్ని ఒళ్లు తిరస్కరించకుండా టాక్రోలిమస్ వంటి మందులు వాడేవారిలో న్యూట్రోఫిల్స్ బాగానే ఉండవచ్చు, కానీ టీ కణాలు (మరో రకం తెల్ల రక్త కణాలు) అణగి ఉంటాయి. వారికి క్షయ, వైరస్‌లు, న్యుమోసిస్టిస్ (ఊపిరితిత్తులకు పట్టే ఒక బూజుజాతి) వంటివి ముప్పు. టాక్రోలిమస్ స్థాయి పరీక్షకు రక్తం ఉదయపు మాత్ర ఇవ్వకముందే తీయాలి. మాత్ర ఇచ్చి తీస్తే అంకె తప్పు వచ్చి డోసు తప్పుగా మారుతుంది. గ్రేప్‌ఫ్రూట్, వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపరపనస ఆ మందు స్థాయిని పెంచుతాయి కాబట్టి వారు తినకూడదు. ప్లీహం తీసేసిన వారిలో న్యుమోకాకస్ వంటి బ్యాక్టీరియాలు కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. జీవించి ఉన్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు వీరిలో చాలామందికి ఇవ్వకూడదు. ఇంట్లో పసిపిల్లకు పోలియో చుక్కలు వేయిస్తే కొన్ని వారాల పాటు ఆ వైరస్ మలంలో వస్తుంది కాబట్టి డయపర్లు మార్చే పని రోగి చేయకూడదు.

పరామర్శల విషయానికి వస్తే, మన దగ్గర జబ్బు పడిన మనిషిని చూడటానికి వెళ్లకపోవడం తప్పుగా భావిస్తారు, అందులో ప్రేమే ఉంది. ఆ ప్రేమను గేటు దగ్గర కసిరి పంపితే వాళ్లు సెక్యూరిటీ కన్నుగప్పి వస్తారు. నా అనుభవంలో పనిచేసిన ఉపాయం ఏమిటంటే, కుటుంబంలో నలుగురూ మాట వినే ఒక వ్యక్తిని గుర్తించి, ఆ వ్యక్తికే అంతా వివరించి, కాపలా బాధ్యత అప్పగించడం. వచ్చినవారితో వీడియో కాల్ మాట్లాడిస్తే సగం మంది తృప్తిగా వెళ్లిపోతారు. దగ్గు, జలుబు, విరేచనాలు, ఒంటి మీద పొక్కులు ఉన్నవారు మాత్రం ఎంత దగ్గరివారైనా రాకూడదు.

పూలగుత్తులు, కుండీలు గదిలో వద్దు, పూలు ఉంచిన నీటిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, మట్టిలో బూజు ఉంటుంది. గుడి నుంచి తెచ్చిన తీర్థం నోట్లో పోయవద్దని చెప్పేటప్పుడు “కళ్లకద్దుకుని పక్కన పెట్టండి, కౌంట్లు పెరిగాక తీసుకోవచ్చు” అంటే ఎవరూ నొచ్చుకోలేదు. మణికట్టుకు కట్టిన రక్షాదారం తడిసి కాన్యులా మీద పడుతుంటే, అనుమతి అడిగి తీసి, కవరులో వేసి దిండు పక్కన ఉంచండి. తలనీలాల మొక్కు ఉన్నవారికి కౌంట్లు తక్కువగా ఉన్నప్పుడు కత్తి తలకు తగలకూడదని, తిరుమల క్యూలో నిలబడటానికి ఇది సమయం కాదని, మొక్కు ఆలస్యమైతే చెల్లకుండా పోదని ఇంట్లో పెద్దవాళ్ల చేతనే చెప్పించాలి.

తిండి విషయంలో పాతకాలపు కఠిన నియమాలు ఇప్పుడు సడలుతున్నాయి. పచ్చివి అన్నీ మాన్పించడం వల్ల, వంటలో శుభ్రత పాటించడం కంటే అదనంగా ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదని అధ్యయనాలు చెప్పాయి. అసలే నోరు పూసి, ఆకలి చచ్చిన మనిషికి ఇది వద్దు అది వద్దంటే తినడమే మానేస్తారు. వేడిగా వండి వెంటనే పెట్టిన అన్నం, పప్పు, పూర్తిగా ఉడికిన గుడ్డు, కాచిన పాలు, కాచి చల్లార్చిన నీళ్లు, కడిగి ఇంట్లోనే తొక్క తీసిన అరటి, కమలా, దానిమ్మ ఇవ్వవచ్చు. బండి మీద కోసిన పండ్లు, చెరకు రసం, పానీపూరి, హోటలు కొబ్బరి చట్నీ, నిన్నటి కూర వద్దు. మీ వార్డు డైటీషియన్ ఇచ్చిన పట్టిక దీనికంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించండి.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పవలసినది డిశ్చార్జి గురించి. కీమో ఇచ్చిన రెండు మూడు రోజులకే రోగి నల్లగొండకో, మహబూబ్‌నగర్‌కో బస్సెక్కి వెళ్లిపోతారు. కౌంట్లు అట్టడుగుకు చేరేది ఆ తరువాత వారానికి, మనం ఎవరమూ దగ్గర లేనప్పుడు. అక్కడ జ్వరం వస్తే ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరికి, ఆయన మంచి మనసుతోనే పిరుదుకు ఒక ఇంజెక్షన్ చేసి, జ్వరం మాత్ర ఇచ్చి పంపుతారు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న మనిషికి కండలో సూది వేస్తే లోపలే రక్తం కారి గడ్డలా పేరుకోవచ్చు, ఆ గడ్డలోనే ఇన్‌ఫెక్షన్ చేరవచ్చు, జ్వరం మాత్రేమో ఆనవాలును చెరిపేస్తుంది. అందుకే నేను ప్రతి రోగికీ తెలుగులో ఒక కార్డు రాసి ఇస్తాను. “నేను క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్నాను. నాకు 100.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ జ్వరం వచ్చినా, చలి వణుకు వచ్చినా గంటలోపు రక్తపరీక్ష, నరంలోకి యాంటీబయాటిక్ అవసరం. కండకు ఇంజెక్షన్ చేయకండి. దయచేసి దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి పంపి, ఈ వార్డుకు ఫోను చేయండి” అని, కింద వార్డు నంబరు, కీమో ఇచ్చిన తేదీ ఉంటాయి. ఇంట్లో ఎండాకాలంలో గడ్డి తెరల కూలరు దగ్గర పడుకోవద్దని, పావురాల రెట్టలు రోగి శుభ్రం చేయకూడదని కూడా అందులోనే రాస్తాను.

కార్డు చేతిలో పెట్టి పంపేయకండి. డిజిటల్ థర్మామీటరును వారి చేతే పెట్టించి, అంకెను వారి చేతే చదివించండి. చదవలేని అవ్వ తోడుగా వస్తే, 100 దాటితే తెర మీద మూడు అంకెలకు బదులు నాలుగు అంకెలు కనబడతాయని చూపించి, ఆ నాలుగు కనబడితే పక్కింటి పిల్లవాడిని పిలిచి వార్డుకు ఫోను చేయించమని చెప్పి, ఆ మాటను ఆమె చేత తిరిగి చెప్పించుకుని, అప్పుడు గేటు దాకా పంపించండి.